ఆదివారం ఉదయపు అంతరిక్ష నౌక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గడచిన నెల ఈ శీర్షికలో దూరదర్శన్ తొలినాళ్ల కార్యక్రమాలను గురించి రాస్తూ, ఆదివారం ఉదయాలలో వచ్చిన విదేశీ సైన్స్ ఫిక్షన్ ధారావాహికలను ఒక్క వాక్యంలో తలచుకుని వదిలేశాను. ఆ ఒక్క వాక్యం మీద గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగువారు రాసిన ఉత్తరాలు మిగిలిన విషయాలన్నింటి మీద వచ్చినవాటికంటె ఎక్కువగా ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఈసారి వివరంగా జవాబు రాస్తున్నాను. స్థలాభావం వల్ల ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్లు. మాది పర్లాకిమిడి. ఎనిమిదో తరగతి చదువుతున్న రోజుల్లో పక్కింటివారి నలుపు తెలుపు టీవీలో ఆదివారం ఉదయం ‘స్టార్ ట్రెక్’ చూడడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా అది నన్ను పట్టుకుంది, ఇప్పటికీ వదలలేదు. ఉద్యోగంలో చేరిన తరువాత కేసెట్లు, ఆ తరువాత డిస్కులు సంపాదించి 79 ఎపిసోడ్లూ చూశాను. ఏటా కొన్నింటిని మళ్లీ చూస్తూనే ఉంటాను. ఇంట్లోవాళ్లు ఏమీ అనరు గాని, మా బావమరిది వచ్చినప్పుడల్లా, “ఈ వయస్సులో ఈ పిల్లల ఆట ఏమిటి బావా, పోనీ అది మనదా అంటే మనదీ కాదు” అంటాడు. నవ్వి ఊరుకుంటాను. కాని ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉంటుంది. మనది కానిదాని మీద ఇంత మమకారం పెంచుకోవడం పొరపాటా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అయ్యా, మీ బావమరిదిగారు అన్నవి రెండు మాటలు. పిల్లల ఆట అనేది ఒకటి, మనది కాదు అనేది రెండవది. మొదటిదానికి జవాబు తేలిక. రెండవదే నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

‘స్టార్ ట్రెక్’ అమెరికాలోని ఎన్‌బీసీ చానెల్‌లో 1966 సెప్టెంబరు 8న మొదలైంది. నల్లజాతీయుల పౌరహక్కుల పోరాటం ఉద్ధృతంగా సాగుతున్న ఆ రోజుల్లో, ఒక నల్లజాతి స్త్రీని గ్రహం నుంచి గ్రహానికి తిరిగే అంతరిక్ష నౌకలో సమాచార వ్యవస్థకు అధికారిణిగా, తోటివారితో సమానమైన హోదాలో కూర్చోబెట్టిన ధారావాహిక అది. ఆ పాత్ర ధరించిన నిషెల్ నికోల్స్ మొదటి ఏడాది కాగానే మానేసి రంగస్థలానికి వెళ్లిపోదామనుకున్నప్పుడు, ఒక సభలో కలిసిన మార్టిన్ లూథర్ కింగ్ వద్దని గట్టిగా చెప్పారని, తమ పిల్లలను మెలకువగా ఉండి చూడనిచ్చే కార్యక్రమం అదేనని అన్నారని ఆమె తరువాతి కాలంలో అనేకసార్లు చెప్పారు. రెండవ ఏడాది మధ్యలో దీనిని ఆపివేస్తారన్న మాట పొక్కగానే, బిజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే అభిమాన దంపతులు పూనుకుని దేశమంతటి ప్రేక్షకుల చేత చానెల్‌కు ఉత్తరాలు రాయించారు. ఉత్తరాలు ఎంతగా వచ్చి పడ్డాయంటే, 1968 మార్చిలో ఒక ఎపిసోడు ముగిసిన తరువాత, ధారావాహిక కొనసాగుతుందని ఆ చానెల్ ప్రసారంలోనే ప్రకటించవలసి వచ్చింది. ఆ తరువాత దానిని శుక్రవారం రాత్రి పది గంటలకు, అంటే చూసేవారు ఇళ్లలో ఉండని వేళకు నెట్టి, ఖర్చు తగ్గించి, 1969లో ఆపేశారన్నది వేరే సంగతి. కాని ఆ మూడవ ఏడాది ఎపిసోడ్లు లేకపోతే రోజువారీ పునఃప్రసారానికి చాలినన్ని ఉండేవి కావు. పునఃప్రసారాలు లేకపోతే అది ప్రపంచం చుట్టి మన ఆదివారాల దాకా వచ్చేదీ కాదు. మీరు పక్కింట్లో కూర్చుని చూసిన దృశ్యానికి వెనుక అంతమంది పెద్దవాళ్లు కాగితం, కలం పట్టుకుని కూర్చున్నారు.

ఇక రెండవ మాట. మనది, మనది కాదు అన్న ప్రశ్న సరిహద్దు జిల్లాల తెలుగువారికి కొత్తది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్టణం ఇటు వచ్చింది, ఎస్టేటులో చాలా భాగం అటే ఉండిపోయింది. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో ఒడియా చదువుకుంటాం. శ్రీకాకుళంలో పెళ్లికి వెళితే “ఒడిశా చుట్టాలు వచ్చారు” అంటారు. భువనేశ్వరంలో నోరు విప్పితే “మీరు తెలుగువారా?” అని అడుగుతారు. రెండు వైపులా ఆప్యాయతే ఉంటుంది గాని, రెండు వైపులా మనల్ని అవతలివారి లెక్కలోనే వేస్తారు.

ఇప్పుడు ఆ నౌకలోని అధికారి, మీ స్పాక్‌ను తలచుకోండి. తండ్రి వల్కన్ గ్రహంవాడు, తల్లి భూలోకపు స్త్రీ. 1967 నవంబరులో ప్రసారమైన ‘జర్నీ టు బేబల్’ అనే ఎపిసోడులో ఆ తల్లిదండ్రులు ఇద్దరూ నౌక ఎక్కుతారు. తండ్రికీ కొడుకుకూ ఎన్నో ఏళ్లుగా మాటలు లేవు. అందులో తల్లి అమండా కొడుకుతో మాట్లాడే ఘట్టం ఒకటి ఉంది. అయిదేళ్ల వయస్సులో, నువ్వు నిజమైన వల్కన్‌వి కావని తోటి పిల్లలు ఏడిపిస్తే, నువ్వు పెదవి బిగబట్టుకుని ఇంటికి వచ్చావు, నీలోని మనిషి లోపల ఏడుస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది అని ఆమె గుర్తుచేస్తుంది. ఇది రాసినావిడ డొరొతి ఫాంటానా. స్త్రీ రాసిందంటే చదవకుండా పక్కన పెడతారేమోనని ‘డి.సి. ఫాంటానా’ అని పొడి అక్షరాలతో పేరు వేసుకున్న రచయిత్రి. స్పాక్ వేషం వేసిన లియొనార్డ్ నిమోయ్ బోస్టన్‌లో పుట్టినా, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన యూదు దంపతుల బిడ్డ. ఇంట్లో యిడ్డిష్, వీధిలో ఇంగ్లీషు. వేళ్లను రెండేసిగా విడదీసి చెయ్యెత్తే ఆ వల్కన్ నమస్కారం కూడా, చిన్నతనంలో ప్రార్థనామందిరంలో పురోహితులు ఆశీర్వదించేటప్పుడు దొంగచాటుగా చూసిన ముద్ర నుంచి ఆయన తెచ్చిపెట్టినదే.

మీ ఉత్తరం చదవగానే నాకు తట్టిన సంగతి ఒకటి ఉంది. 1968లో, తల్లి నల్లజాతికీ తండ్రి తెల్లజాతికీ చెందిన ఒక అమెరికన్ బాలిక ఒక పిల్లల పత్రికకు ఉత్తరం రాసింది. రాసింది నటుడికి కాదు, స్పాక్‌కు. నీకూ రెండు జాతుల రక్తం ఉంది కాబట్టి నా కష్టం నీకు తెలుసు, నన్ను ఇటువాళ్లూ కలుపుకోరు, అటువాళ్లూ కలుపుకోరు, ఏం చెయ్యాలి అని అడిగింది. నిమోయ్ ఆ ఉత్తరానికి అదే పత్రికలో సుదీర్ఘమైన జవాబు రాశాడు. స్పాక్ కూడా ఆ వయస్సులో ఇదే పడ్డాడని, అందరి మెప్పూ పొందడం ఎవరివల్లా కాదని, తనను తానుగా ఒప్పుకునేవారు కొందరు తప్పక ఉంటారని తెలుసుకున్నాకనే తన ప్రతిభను పెంచుకోగలిగాడని ఆ పిల్లకు ఓపికగా చెప్పాడు. పత్రికలో పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాసే పని చేస్తున్న నాకు, ఈ పనిని ఇంతకంటె శ్రద్ధగా చేసిన ఉదాహరణ ఇంకొకటి తెలియదు.

కాబట్టి అయ్యా, ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు రాకుండానే మిమ్మల్ని పట్టుకున్నది ఏమిటో ఇప్పుడు మీరే చూసుకోండి. అది కాలిఫోర్నియాలో తయారైతే అయింది. రెండు ఇళ్ల మధ్య పెరిగిన కుర్రవాడి కథ పర్లాకిమిడి కుర్రవాడిది కాకుండా ఎలా పోతుంది? ఈసారి బావమరిదిగారు వచ్చినప్పుడు వాదన పెట్టుకోకండి. భోజనాలైన తరువాత ఈ ఒక్క ఎపిసోడు పెట్టి, తల్లి మాట్లాడే ఘట్టం వచ్చినప్పుడు ఆపి, ఆయనకు తెలుగులో చెప్పండి. ఆయన కూడా ఈ సరిహద్దులోనే పెరిగి ఉంటే వేరే వివరణ అవసరం ఉండదు.

మీరు నలుపు తెలుపులో చూశానన్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. బరంపురంలో మా ఇంటి డాబా మీద మా అన్నయ్య యాంటెన్నా తిప్పుతుంటే, కింద నుంచి నేను “వచ్చింది, పోయింది, వచ్చింది” అని అరిచేవాణ్ణి. ఆ బొమ్మలో నౌకలోని వారందరి చొక్కాలూ ఒకే బూడిదరంగులో కనిపించేవి. చాలా ఏళ్ల తరువాత రంగుల్లో చూసినప్పుడుగాని అవి పసుపు, నీలం, ఎరుపు అని, రంగును బట్టి ఉద్యోగం తెలుస్తుందని నాకు అర్థం కాలేదు. ఆ రోజు పాత స్నేహితుడి ముఖం మొదటిసారి వెలుతురులో చూసినట్టు అనిపించింది.

ప్రశ్న: నేను గుణుపురంలో ఇంజనీరింగు చదువుతున్నాను. సైన్స్ ఫిక్షన్ అంటే నాకూ ఇష్టమే. మా మేనమామ ‘స్టార్ ట్రెక్’, ‘డాక్టర్ హూ’ పాతవి చూడమని పట్టుబడుతున్నారు. రెండేసి ఎపిసోడ్లు చూశాను. గోడలు అట్టవి, రాళ్లు స్పాంజివి, రాక్షసులు రబ్బరు తొడుగుల్లోని మనుషులు అని చూడగానే తెలిసిపోతోంది. ఇప్పటి గ్రాఫిక్స్ చూసిన కళ్లతో వాటిని ఎలా చూడాలి?
— ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: నాయనా, నువ్వు గంజాం పల్లెల్లో ఆడే ప్రహ్లాద నాటకం చూసే ఉంటావు. జలంతర రాజుల ఆస్థానంలో పుట్టిందని చెప్పే ఆ నాటకానికి తెరలు లేవు, చిత్రించిన అంతఃపురం లేదు. ఉన్నదల్లా మెట్లు మెట్లుగా కట్టిన చెక్కవేదిక. హిరణ్యకశిపుడు పై మెట్టు మీద ఉంటే అది సింహాసనం, గద్దిస్తూ కిందికి దిగితే అది యుద్ధరంగం. తెల్లవారుజామున నరసింహస్వామి ముఖం తొడుక్కుని ఆ మనిషి వచ్చేసరికి, అది కర్రతో చేసిన ముఖమని తెలిసినవారే చేతులు జోడిస్తారు. పాత టెలివిజన్ ధారావాహికలను ఆ కళ్లతో చూడాలి. అవి సినిమాకు చెల్లెళ్లు కావు, నాటకానికి బిడ్డలు. మాట, ముఖం, గొంతు, ఈ మూడింటి మీదే నిలబడతాయి.

నువ్వు ఇంజనీరింగు చదువుతున్నావు గనుక ఇంకొక సంగతి నీకు రుచించవచ్చు. వాటిలో మనకు ఇప్పుడు గొప్ప ఊహలుగా కనిపించేవి చాలామటుకు డబ్బు లేక పుట్టినవి. ప్రతివారం ఒక కొత్త గ్రహం మీద నౌకను దింపే దృశ్యం తీయడానికి డబ్బు చాలదు కనుక, మనుషులను ఒకచోట మాయం చేసి మరొకచోట ప్రత్యక్షం చేసే ట్రాన్స్‌పోర్టర్‌ను ‘స్టార్ ట్రెక్’ సృష్టికర్త జీన్ రాడన్‌బెరీ బృందం ఆలోచించింది. నౌకలోని తలుపులు మనిషి రాగానే వాటంతట అవే తెరుచుకుంటాయి కదా, వాటి వెనుక మనుషులు నిలబడి సమయం చూసి లాగేవారు. ఒక ఎపిసోడు కోసం వింత ఆకారపు ఉప్పు సీసాలు కొన్నారు. చూసేవారికి అవి ఉప్పు సీసాలని తెలియవేమోనన్న అనుమానంతో ఆ దృశ్యంలో మామూలువే వాడి, కొన్నవాటిని నౌకలోని వైద్యుడి చేతిలో పరికరాలుగా పెట్టారు. రోగి మీదుగా వాటిని ఆయన కదిలిస్తుంటే, శరీరాన్ని తాకకుండా పరీక్షించే యంత్రం అని ప్రపంచం నమ్మింది.

‘డాక్టర్ హూ’ సంగతీ అంతే. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైన ఆ ధారావాహికలో కాలంలో ప్రయాణించే యంత్రం ఎక్కడికి వెళితే అక్కడి రూపం ధరించాలి. ప్రతిసారీ కొత్తది కట్టే స్తోమత లేదు. అందుకని అది లండన్ వీధుల్లో పోలీసులకు ఫోను చేయడానికి ఉండే నీలిరంగు పెట్టె ఆకారంలోనే ఇరుక్కుపోయిందని కథలోనే చెప్పేశారు. ఆ యంత్రం బయలుదేరేటప్పటి ఒగర్పు చప్పుడు ఉంది చూశావా, బ్రయన్ హాడ్జ్‌సన్ అనే శబ్దనిపుణుడు ఒక పియానో తంత్రుల మీద తమ ఇంటి తాళంచెవిని గీసి, ఆ చప్పుడును టేపు మీద మార్చి మార్చి తయారుచేసినది. తాళంచెవీ, పియానో తీగె, అంతే. ఆ మొదటి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్ అని కూడా చెప్పాలి. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్లు, అంటే నీకంటె కాస్త పెద్ద.

అన్నీ గొప్పవని నేను అనను. ‘స్టార్ ట్రెక్’ మూడవ ఏడాదిలో నాసిరకం ఎపిసోడ్లు చాలానే ఉన్నాయి. నౌకలోని స్త్రీలకు వేసిన దుస్తులు, కొన్ని కథలలో వారిపట్ల చూపిన చులకన నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. అభిమాని అయినవాడు వాటిని చూడనట్టు ఉండనక్కరలేదు. నువ్వు మీ మేనమామగారితో కలిసి చూసి, నచ్చనిది నచ్చలేదని చెప్పు. ఆయన నొచ్చుకోరు, తప్పకుండా జవాబు చెబుతారు.

ప్రశ్న: మాది రాయగడ జిల్లా. ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధిస్తాను. నాకు పాత సైన్స్ ఫిక్షన్ ధారావాహికలంటే ప్రాణం. మా పిల్లలలో తెలుగువారు, ఒడియావారు, కువీ మాట్లాడే కొండపల్లెలవారు ఉన్నారు. శనివారం మధ్యాహ్నం వారికి ఒక్క ఎపిసోడు చూపించాలనుకుంటున్నాను. ఏది చూపించమంటారు?
— ఒక ఉపాధ్యాయిని, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, చాలామంది అభిమానులు వెంటనే ‘ద సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ పేరు చెబుతారు. అది గొప్పదే, హ్యూగో పురస్కారం పొందినది. కాని 1930ల అమెరికా ఎరుగని పిల్లలకు అది మొదటిసారి అందదు. మీరు 1967 మార్చిలో వచ్చిన ‘ద డెవిల్ ఇన్ ద డార్క్’ చూపించండి. మీ జిల్లాకు అంతకంటె తగినది నాకు తోచడం లేదు.

ఎందుకంటే అది గనుల కథ. ఒక గ్రహంలో నేల అడుగున ఖనిజం తవ్వుతున్న కార్మికులను ఏదో ప్రాణి చంపుతూ ఉంటుంది. రాయిని వెన్నలా కరిగించుకుంటూ వచ్చి, మనిషిని కాల్చేసి, మళ్లీ రాతిలోకి వెళ్లిపోతుంది. దాన్ని చంపి గనిని కాపాడమని నౌకవారిని పిలిపిస్తారు. మొదటి సగం అంతా భయమే. పిల్లలు కుర్చీ అంచున కూర్చుంటారు. గని అధికారి బల్ల మీద గుండ్రటి సిలికాన్ రాయి ఒకటి అలంకారంగా పెట్టి ఉంటుంది. కొత్త సొరంగంలో అలాంటివి వేలకొద్దీ దొరికాయని, పనికిరానివని పగలగొట్టేశామని వాళ్లు మామూలుగా చెబుతారు. స్పాక్ ఆ రాయిని చేతిలోకి తీసుకుని ఆలోచించే చోట ఒక నిమిషం ఆపి, ఇది ఏమై ఉంటుందని పిల్లలను అడగండి. అందరికంటె ముందు ఎవరు చెబుతారో నాకు రాయండి. అవి గుడ్లు. ఆ ప్రాణి పేరు హోర్టా. యాభై వేల ఏళ్లకొకసారి దాని జాతి అంతా నశిస్తే, గుడ్లను కాచుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క తల్లి అది. స్పాక్ దాని ఒంటి మీద చేతులు పెట్టి, దాని మనస్సును తన మనస్సుతో కలుపుకుని, ఆ తల్లి బాధను తన గొంతుతో అరిచి చెబుతాడు.

దాని గాయానికి చికిత్స చేయమని వైద్యుణ్ణి పిలిచే ఘట్టాన్ని పిల్లలకు తప్పకుండా విడమరచి చెప్పండి. అది మాంసపు శరీరం కాదు, రాతి శరీరం. నేను వైద్యుణ్ణిగాని తాపీమేస్త్రీని కానని ఆయన విసుక్కుంటాడు. కాసేపటికి ఆయనే సిలికాన్ కలిసిన కాంక్రీటు తెప్పించి, తాపీపనివాడు గోడ బీట పూడ్చినట్టు ఆ గాయాన్ని పూడ్చి, చేతులు మురికి చేసుకుని, సంతోషంతో లేచి నిలబడతాడు. చివరకు గనివారికీ తల్లికీ ఒప్పందం కుదురుతుంది. పిల్లలు సహజంగా రాతిలో సొరంగాలు చేసుకుపోతాయి, కార్మికులు బయటపడిన ఖనిజం ఏరుకుంటారు, ఒకరి జోలికి ఒకరు పోరు. బాక్సైట్ కొండల నడుమ పెరుగుతున్న పిల్లలు ఈ కథ విని ఏ ప్రశ్నలు వేస్తారో నేను ఊహించగలను. ఆ ప్రశ్నలకు తొందరపడి జవాబులు ఇవ్వకండి.

ఎపిసోడు నిడివి సుమారు 50 నిమిషాలు. పది నిమిషాలకొకసారి ఆపి తెలుగులో, ఒడియాలో కథ చెప్పండి. కువీ పిల్లలకు వారిలోనే ఒకరు చెప్పేలా చూడండి. హోర్టా వేషంలో నేల మీద పాకినది యానోష్ ప్రొహాస్కా అనే మనిషి అని ముందే చెప్పకండి. అయిపోయాక చెబితే ఇంకోసారి చూస్తామంటారు.

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. ఛత్రపురంలో ఉన్నప్పుడు, ఆదివారం ‘స్టార్ ట్రెక్’ వచ్చే వేళకు టేప్ రికార్డరును టీవీ ముందు పీట మీద పెట్టి రికార్డు చేసేవారు. వీడియో కొనే శక్తి మాకు లేదు. బొమ్మ సాగుతుండగానే ఆయన మాకు తెలుగులో కథ చెప్పేవారు. అదంతా టేపులో పడింది. నాన్నగారు పోయి పదకొండేళ్లు. అంతకు ముందే ఫైలిన్ తుపానులో బీరువా తడిసి చాలా కేసెట్లు పోయాయి. నాలుగు మిగిలాయి. టేపు చుట్టల మీద తెల్లటి బూజు కనిపిస్తోంది. మా తమ్ముడు, “అవన్నీ ఇప్పుడు ఫోనులోనే శుభ్రంగా దొరుకుతున్నాయి, పారెయ్యి అక్కా” అంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: అమ్మా, పారెయ్యకండి. ఇది ముందు చెప్పి, తరువాత కారణం చెబుతాను.

మీ నాన్నగారు పీట మీద టేప్ రికార్డరు పెట్టడానికి ఇరవై ఏళ్ల ముందు, ఇంగ్లండులో కొందరు పిల్లలు సరిగ్గా అదే పని చేశారు. ‘డాక్టర్ హూ’ వచ్చే వేళకు టీవీ ముందు మైకు పెట్టి, ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని బతిమాలి, ధ్వనిని రికార్డు చేసుకున్నారు. మళ్లీ వినడానికి వారికి వేరే దారి లేదు. ఆ తరువాత ఏమైందంటే, టేపులు ఖరీదైనవి, పాతవాటిని మళ్లీ ఎవరు చూస్తారన్న లెక్కతో బీబీసీ వాటిని చెరిపి కొత్త కార్యక్రమాలకు వాడుకుంది, ఫిల్మ్ నకళ్లను పారవేసింది. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన రాత్రి బీబీసీ స్టూడియోలో జరిపిన ప్రసారమే మిగలలేదు. ‘డాక్టర్ హూ’ తొలి ఆరేళ్లలోని 90కి పైగా ఎపిసోడ్ల బొమ్మ నేటికీ దొరకలేదు. అందులో వారిస్ హుస్సేన్ తీసిన ‘మార్కో పోలో’ కథ కూడా ఉంది. కాని బొమ్మ పోయిన ప్రతి ఎపిసోడుకూ ధ్వని ఉంది, ఒక్కటీ మినహాయింపు లేకుండా. కారణం ఆ పిల్లల మైకులే.

విదేశాలకు పంపిన ఫిల్మ్ నకళ్లు అప్పుడప్పుడు బయటపడుతూనే ఉన్నాయి. నైజీరియాలోని జోస్ పట్టణంలో ఒక టీవీ కేంద్రపు సామాను గదిలో, పోయాయనుకున్నవాటిలో 9 ఎపిసోడ్లు దొరికాయన్న వార్త 2013 అక్టోబరు రెండవ వారంలో ప్రకటించారు. ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినది అక్టోబరు 12న. అక్కడ పోయాయనుకున్నవి దొరికాయన్న వార్త వెలువడిన వారంలోనే ఇక్కడ మీ బీరువా తడిసింది. ఆ వార్త నేను బరంపురంలో కరెంటు వచ్చిన తరువాత, చాలా రోజులు ఆలస్యంగా చదివాను.

మీ తమ్ముడుగారు అన్నది ఒక విధంగా నిజమే. ‘స్టార్ ట్రెక్’ ఎక్కడికీ పోలేదు, 79 ఎపిసోడ్లూ భద్రంగా ఉన్నాయి. మీ నాన్నగారు తెలుగులో చెప్పిన ‘స్టార్ ట్రెక్’ మాత్రం ప్రపంచం మొత్తం మీద ఆ నాలుగు కేసెట్లలోనే ఉంది.

ఇక చేయవలసినది చెబుతాను. ఇప్పుడు వాటిని ఏ ప్లేయరులోనూ పెట్టకండి. బూజు హెడ్డుకు అంటుకుంటుంది, తడిసి అతుక్కున్న టేపు తెగుతుంది. ఛత్రపురంలో సముద్రపు తేమ ఎక్కువ కనుక, మూత బిగుతుగా పట్టే డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లోనూ మందుల డబ్బాల్లోనూ వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, కేసెట్లను పుస్తకాల్లా నిలబెట్టి కొన్ని వారాలు ఉంచండి. ఎండలో పెట్టకండి. కేసెట్టు పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను ఇప్పుడే విరిచేయండి. లేకపోతే ఎవరైనా పొరపాటున రికార్డు మీట నొక్కితే నాన్నగారి గొంతు చెరిగిపోతుంది.

ఆరిన తరువాత పని తెలిసిన రేడియో మెకానిక్ ఒకరిని పట్టుకోండి. ఇటువంటివారు బరంపురంలో ఇంకా కొందరు ఉన్నారు. వెనుకనున్న మరలు విప్పి, టేపు చుట్టలను తీసి, మెత్తటి పొడిగుడ్డతో బూజు తుడిచి, శుభ్రంగా ఉన్న మరో కేసెట్టు డొల్లలోకి మార్చమనండి. బూజు గాలిలో లేస్తుంది కనుక ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట ఈ పని చేయాలి. టేపును అదిమిపట్టే చిన్న మెత్త ఊడిపోయి ఉంటే ధ్వని సన్నగా వస్తుంది, కొత్త డొల్లలో అది సరిగా ఉందో లేదో చూడమనండి. తరువాత పెన్సిలు పెట్టి చివరిదాకా ఒకసారి, వెనక్కి ఒకసారి చేత్తో నెమ్మదిగా తిప్పాలి. ముందుగా మీకు అక్కరలేని పాత పాటల కేసెట్టు ఒకదాని మీద ఇదంతా చేయించి చూసి, ఆ తరువాతనే వీటిని ఆయన చేతికి ఇవ్వండి.

ప్లేయరు హెడ్డు తుడిపించి, దానిని కంప్యూటరుకు కలిపి, ప్రతి వైపునూ మొదటి నుంచి చివరిదాకా ఒకే విడతలో ఎక్కించండి. రెండు ప్రతులు తీసి, ఒకటి మీ తమ్ముడుగారికి ఇవ్వండి. ఏ వైపు ఏ కథ ఉందో, వినబడే గొంతులు ఎవరెవరివో ఒక కాగితం మీద రాసి దానితోపాటు ఉంచండి. ధ్వనిని శుభ్రం చేస్తామని మెకానిక్ అంటాడు, ఒప్పుకోకండి. రైల్వే కాలనీలో రికార్డు చేసినది కనుక మధ్యలో హౌరా లైను మీద వెళ్లిన బండి చప్పుడు ఉంటుంది, బండి వెళ్లేదాకా నాన్నగారు కథ ఆపి ఊరుకున్న చోటు ఉంటుంది, ఆ రెండూ అలాగే ఉండనివ్వండి.